ఇంటి బయట నిలబడింది ఎవరు?



ఈసారి కూడా షుగరు గురించో, బీపీ గురించో రాస్తానని మీరు అనుకొని ఉంటారు. కానీ మన ఇళ్ళలోనే ఉండి, మనం పైకి మాట్లాడుకోని ఒక సంగతి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. దయచేసి చివరివరకు చదివి, ప్రార్థించి, ఆ తరువాతే ఒక నిర్ణయానికి రండి.

కొంతకాలం క్రితం ఒక తల్లి తన కొడుకును ఓపీకి తీసుకొచ్చింది. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చి రాస్తున్నాను. కుర్రవాడికి ఇరవై ఏళ్ళుంటాయి. వాళ్ళ సంఘంలో కీబోర్డు వాయిస్తాడు, సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పుతాడు. ఏటా క్రిస్మస్ నాటకం రాసేది కూడా అతడే. నెల రోజులుగా సరిగా తిండి లేదు, నిద్ర లేదు. రక్తపరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. తల్లిని కాసేపు బయట కూర్చోమని చెప్పి అతనితో మాట్లాడాను. చాలాసేపటికి నోరు విప్పాడు.

"డాక్టరమ్మా, నాకు అమ్మాయిల మీద మనసు పోదండి. ఊహ తెలిసినప్పటినుంచీ అంతే. ఈమధ్యే ఇంట్లో చెప్పాను."

చెప్పిన దగ్గరనుంచి అతణ్ణి ఉపవాస ప్రార్థనలకు తిప్పారు. ఒకచోట దయ్యం పట్టిందని తలపట్టుకొని గట్టిగా ఊపారు. పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుందని మేనమామ సంబంధం చూశాడు. సంఘంలో ఇక కీబోర్డు ముట్టుకోవద్దన్నారు. "అన్నిటికంటే అదే ఎక్కువ బాధ అనిపించిందండి. దేవుడితో మాట్లాడడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే" అన్నాడు.

వెళ్ళేటప్పుడు ఆ తల్లి నన్ను అడిగింది: "దీనికి మందేమైనా ఉందా అమ్మా?"

ముందు వైద్యురాలిగా జవాబు చెబుతాను. దీనికి మందు లేదు, ఎందుకంటే ఇది జబ్బు కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుండి తీసివేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో అదే పని చేసింది. మన దేశపు మానసిక వైద్యుల సంఘం 2018లో ఇది రోగం కాదని ప్రకటించింది. దీన్ని "మారుస్తామని" చేసే చికిత్సలను మద్రాసు హైకోర్టు 2021లో నిషేధించింది. అలాంటి చికిత్స చేయడం వైద్యవృత్తికి విరుద్ధమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో అన్ని రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ళకు తెలియజేసింది. ఆ చికిత్సల వల్ల ఆకర్షణ మారదు. దిగులు, భయం, తన మీద తనకే అసహ్యం మాత్రం పెరుగుతాయి. ఆ కుర్రవాడికి నిద్ర పోయింది, ఆకలి పోయింది. అవే జబ్బు లక్షణాలు. వాటికి కారణం అతని మనసు కాదు, మనం అతనితో ప్రవర్తించిన తీరు.

"నా పెంపకంలో ఏం లోపం జరిగింది?" అని కూడా ఆమె అడిగింది. పెంపకం వల్లనో, చెడు స్నేహాల వల్లనో, సినిమాల వల్లనో ఇది రాదు. ఎవరూ కోరి తెచ్చుకునేదీ కాదు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివానిని చూసి శిష్యులు సరిగ్గా ఇదే అడిగారు: పాపం చేసింది వీడా, వీని కన్నవారా? ప్రభువు ఇద్దరి మీదా నేరం మోపలేదు. ఆ ప్రశ్న అడిగే తీరునే పక్కకు తోశాడు. ఈ పిల్లలది గుడ్డితనం వంటి లోపమని నేను అనడం లేదు. ముందుగా నేరస్థుణ్ణి వెతికే మన అలవాటు గురించి చెబుతున్నాను.

ఇక విశ్వాసిగా ఒక సేవకుని గురించి చెప్పాలి. హెన్రీ నౌవెన్ 1932లో నెదర్లాండ్స్‌లో పుట్టారు. 1957లో కతోలిక గురువుగా అభిషేకం పొందారు. మనస్తత్వశాస్త్రం చదివి, అమెరికాలో యేల్, హార్వర్డ్ విశ్వవిద్యాలయాలలో బోధించారు. గాయపడినవాడే ఇతరుల గాయాలు కట్టగలడనే భావంతో 1972లో ఆయన రాసిన పుస్తకాన్ని నేటికీ ఎన్నో బైబిలు కళాశాలల్లో చదువుతారు. ఆ గాయం ఆయనకు బాగా తెలుసు. ఆయనకు పురుషుల పట్ల ఆకర్షణ ఉండేది. దగ్గరి స్నేహితులు కొద్దిమందికే ఆ మాట చెప్పుకున్నారు. బ్రహ్మచర్య వ్రతాన్ని విడువలేదు. ఆ సంగతి లోకానికి తెలిసింది 1996లో ఆయన చనిపోయిన తరువాతే.

1983లో ఫ్రాన్సులో, మానసిక వైకల్యం ఉన్నవారితో కలిసి జీవించే ఒక సమాజానికి వెళ్ళినప్పుడు, ఒక గది తలుపు మీద అంటించిన బొమ్మ ఆయన కంటపడింది. అది తప్పిపోయిన కుమారుని కథకు రెంబ్రాండ్ వేసిన చిత్రం. మూడేళ్ళ తరువాత, 1986లో, రష్యా వెళ్ళి హెర్మిటేజ్ మ్యూజియంలో ఆ అసలు చిత్రం ముందు గంటల తరబడి కూర్చున్నారు. ఎనిమిది అడుగులకు పైగా ఎత్తున్న చిత్రం అది. గుండు చేసిన తల, చినిగిన బట్టలు, ఒక కాలికి అరిగిన చెప్పు, రెండో పాదం ఖాళీ. ఆ కొడుకు తండ్రి ఒడిలో ముఖం దాచుకొని మోకరించి ఉంటాడు. తండ్రి రెండు చేతులూ వాని వీపు మీద ఉంటాయి. ఆ చేతులు రెండూ ఒకేలా లేవని నౌవెన్ గమనించారు. ఒకటి తండ్రి చేయి, మరొకటి తల్లి చేయిలా ఆయనకు తోచింది.

పెద్ద విశ్వవిద్యాలయాల లోకాన్ని అప్పటికే విడిచిన ఆయన, ఆ ఏడాదే కెనడాలో టొరంటో దగ్గర అలాంటి సమాజంలో చేరారు. అక్కడ మాట రాని, మూర్ఛలున్న ఆదాము అనే యువకునికి ప్రతి ఉదయం స్నానం చేయించి, బట్టలు తొడిగి, తినిపించడం ఆయన పని. మన వార్డుల్లో నర్సమ్మలు, ఆయాలు రోజూ చేసే పనే అది. 1987 చివరలో ఒక గాఢమైన స్నేహం తెగిపోయి ఆయన కుంగిపోయారు. ఆరు నెలలు అక్కడినుంచి దూరంగా వెళ్ళి సహాయం తీసుకున్నారు. ఆ రోజుల్లో తనకు తానే రాసుకున్న మాటలు తరువాత పుస్తకమయ్యాయి. ఆ చిత్రం గురించిన ధ్యానం 1992లో పుస్తకంగా వచ్చింది. తానే చిన్న కుమారుణ్ణని, తానే పెద్ద కుమారుణ్ణని, చివరకు తండ్రిలా చేతులు చాచడం నేర్చుకోవాలని అందులో ఆయన గ్రహింపు. నిస్పృహతో ఉన్న ఎంతోమందిని ఆ పుస్తకం నిలబెట్టింది.

ఇప్పుడు ఒక్క మాట అడుగుతాను. ఆయన మనసులో ఉన్నది బయటపడిన రోజున, కలం ముట్టుకోవద్దని ఎవరైనా ఆజ్ఞాపించి ఉంటే నష్టం ఎవరికి? ఆయనకు మాత్రమేనా?

పాట, బొమ్మ, నాటకం, డైరీ, ఇవి కాలక్షేపాలు కావు. నోటితో చెప్పుకోలేనిది చేతితో చెప్పుకునే ప్రార్థనలు. హన్నా ఆలయంలో పెదవులు కదుపుతూ ప్రార్థిస్తే ఏలీకి అర్థం కాలేదు, ఆమె తాగి ఉందనుకున్నాడు. మన పిల్లల పాటనూ మనం అలాగే అపార్థం చేసుకుంటున్నామేమో. చెప్పుకోలేని బాధ ఉన్నవానికి ఆ ఒక్క కిటికీ కూడా మూసేస్తే ఊపిరి ఎక్కడ ఆడుతుంది?

"మరి వాక్యం సంగతి ఏమిటి డాక్టరుగారూ?" అని మీరు అడుగుతారు. అడగవలసిందే. లేవీయకాండము 18, రోమా 1 నేనూ చదివాను. ఈ భాగాల అర్థం విషయంలో వాక్యాన్ని ప్రేమించే పండితులే ఏకాభిప్రాయానికి రాలేదు. నౌవెన్ గారిలా ఒంటరి జీవితమే మార్గమని కొందరు, వేరుగా మరికొందరు నమ్ముతారు. ఆ చర్చను ఈ పేజీలో తేల్చగలనని నేననుకోను. కానీ కొడుకుకు అన్నం పెట్టడానికి ఆ చర్చ ముగిసేదాకా ఆగనక్కరలేదు. తండ్రి దూరాన కొడుకును చూసి పరుగెత్తినప్పుడు, ముందు లెక్కలు అడిగి ఆ తరువాత కౌగిలించుకోలేదు. యెషయా 56లో నపుంసకునికి దేవుడు తన మందిరంలోనే చోటు వాగ్దానం చేశాడు. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు బాప్తిస్మానికి తనకు ఆటంకమేమిటని అడిగితే, ఫిలిప్పు మారుమాట లేకుండా నీళ్ళలోకి దిగాడు.

అందుచేత తల్లిదండ్రులకు, సంఘ పెద్దలకు నా మనవి ఇది. పిల్లలు ఈ మాట చెప్పినప్పుడు ముందు వినండి. చెప్పడానికి వాళ్ళు ఎన్ని రాత్రులు ఏడ్చారో తలచుకోండి. వాళ్ళ అనుమతి లేకుండా ఇతరులకు, చివరకు ప్రార్థన విన్నపంగా కూడా, చెప్పకండి. కొట్టడం, గదిలో పెట్టడం, బలవంతపు పెళ్ళి వద్దు. ఆ పెళ్ళివల్ల మరొక ఇంటి ఆడపిల్ల జీవితం కూడా నలిగిపోతుంది. ప్రార్థన చేయండి, కానీ బిడ్డ మీదికి ఆయుధంగా కాదు, బిడ్డ పక్కన మోకరించి. తిండి, నిద్ర మానేసినా, బతకాలని లేదన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. రాత్రివేళ అయితే ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు ఫోను చేయండి. అది ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ కుర్రవాడు తరువాత రెండుసార్లు వచ్చాడు. నిద్ర కొంత మెరుగైంది. వాళ్ళమ్మకు ఇంకా మనసు కుదుటపడలేదు, కానీ రాత్రి అతను తినేటప్పుడు పక్కన కూర్చుంటోందట. కీబోర్డు మాత్రం ఇంకా ఇవ్వలేదు. ఖాళీగా ఉండలేక ఒక చిన్న నాటకం రాశానని చూపించాడు. అందులో విందు మరునాటి ఉదయం పెద్దకొడుకు ఇంకా వాకిట్లోనే ఉంటాడు, తండ్రి మళ్ళీ బయటికి వస్తాడు.

లూకా 15లో పెద్దకొడుకు లోపలికి వెళ్ళాడో లేదో ప్రభువు చెప్పకుండానే వదిలేశాడు. ఆ జవాబు మన కోసం ఉంచాడని నా నమ్మకం. ఇంటి బయట నిలబడింది ఎవరో మనలను మనం పరీక్షించుకొందుము గాక. తండ్రి చేతుల వంటి చేతులు ప్రభువు మన ప్రతి ఇంటికీ దయచేయును గాక. ఆమేన్.