చింతపండు పెట్టి తోమేశారా!

వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు మా అమ్మమ్మగారింట్లో ఒక తంతు ఉండేది. భోషాణం అడుగునుంచి అమ్మమ్మ ఓ చిన్న మూట తీసేది. పాత పట్టుచీర ముక్కలో కట్టిన పదకొండు వెండి రూపాయలు. మసిబారినట్టు నల్లగా ఉండేవి. వాటిని నూతిగట్టు మీద పెట్టుకుని, చింతపండులో ముగ్గుపిండి కలిపి, కొబ్బరిపీచుతో తోమడం నా పని. తోమేకొద్దీ తెల్లగా తళతళలాడేవి. అమ్మమ్మ మురిసిపోయి, ‘రాణీగారికి పెళ్లికూతురి కళ వచ్చిందే’ అనేది. కోనసీమలో గడిపిన ప్రతి శ్రావణమాసం నాకు అలాగే గుర్తు.

అమ్మమ్మ పోయాక ఆ మూట అమ్మ దగ్గరికి చేరింది. ఈమధ్య రాజమండ్రి వెళ్లినప్పుడు పట్టుకెళ్లి, నలభై ఏళ్లుగా నాణేలు పోగుచేస్తున్న ఓ పెద్దాయనకి చూపించాను. మొదటి రూపాయిని రెండు వేళ్లతో, అంచులు మాత్రమే పట్టుకుని కిటికీ వైపు తిప్పారు. భూతద్దం పెట్టారు. ‘తోమేశారండీ’ అన్నారు. రెండోది తీశారు. ‘ఇదీ తోమేశారు’. మూడోదీ అంతే. ఒకదాని దగ్గర మాత్రం చాలాసేపు ఆగారు. అది 1911 నాటిది. దాని సంగతి తర్వాత చెబుతాను. చివరికి తలెత్తి, ‘ఎవరండీ ఇంత శ్రద్ధగా తోమింది?’ అని అడిగారు. నేను నీళ్లు నమిలాను.

పాత నాణెం అనగానే మనం ఎంత పాతది అని అడుగుతాం. లెక్క తెలిసినవాళ్లు అడిగేది ఎంత అరిగింది అని. ఒకే ఏడాది, ఒకే టంకశాలలో పుట్టిన రెండు రూపాయలుంటాయి. ఒకటి సంతలూ తిరునాళ్లూ తిరిగి వేల చేతులు మారి ఉంటుంది. రెండోది ఎవరి ఇనప్పెట్టెలోనో పడి లోకం మొహం చూసి ఉండదు. మొదటిదానికి వెండి కొట్టులో ఎంతిస్తారో అంతే వస్తుంది. రెండోదాని ధరకీ దీనికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

ఈ అరుగుదలని కొలవడానికి కొన్ని తరగతులు పెట్టుకున్నారు. వాటి పేర్లు వింటే మోసపోతాం. ‘గుడ్’ అంటే బావుందని కాదు. బొమ్మ తాలూకు చుట్టుగీత మాత్రం మిగిలి, అక్షరాలు కష్టం మీద చదవగలిగేలా ఉన్న నాణెం అన్నమాట. అత్తెసరు మార్కులతో గట్టెక్కిన కుర్రాడి ప్రోగ్రెస్ రిపోర్టు మీద మాస్టారు జాలిపడి రాసే ‘గుడ్’ లాంటిది. దానికంటే కొంచెం మెరుగైతే ‘వెరీ గుడ్’. ఆ పైన ‘ఫైన్’, ‘వెరీ ఫైన్’, ‘ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్’. చేతులు మారిన జాడ ఏదో రవ్వంత ఉంటే ‘అబౌట్ అన్‌సర్క్యులేటెడ్’. అసలు చలామణీలోకే వెళ్లకపోతే ‘అన్‌సర్క్యులేటెడ్’, లేదా ‘మింట్ స్టేట్’.

మన ఇళ్లలో కనిపించే విక్టోరియా రూపాయినే తీసుకోండి. బొమ్మవైపు ఎత్తుగా ఉన్న చోట్లే ముందు అరుగుతాయి. రాణీగారి చెంప, చెవి పైనున్న జుట్టు, కిరీటం, రవిక మీది అల్లికపని. జుట్టులో పాయలన్నీ విడివిడిగా కనిపిస్తే ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ దాకా వెళ్లొచ్చు. పాయలు కలిసిపోయి పెద్ద గీతలు మాత్రమే మిగిలితే వెరీ ఫైన్, ఇంకా తగ్గితే ఫైన్. తల మొత్తం బోడిగుండులా నున్నగా ఉంటే ఇక గుడ్డే గతి.

ఈ చూపు పిచ్చివాళ్ల కాలక్షేపం అనుకోకండి. 1862 అని ఉన్న రూపాయలన్నీ ఆ ఏడాదే అచ్చయినవి కావు. 1874లో తేదీ మార్చేదాకా అదే సంవత్సరం వేసి కొట్టారు. బొంబాయి టంకశాలవాళ్లు మాత్రం తేదీ కింద సన్నటి చుక్కలు పెట్టి అసలు ఏడాదికి గుర్తు ఉంచారు. ఆ చుక్కలు అరిగిపోతే రూపాయి పుట్టినరోజే పోయినట్టు.

పేర్లతో పాటు అంకెలు కూడా ఉన్నాయి, ఒకటి నుంచి డెబ్భై వరకు. వీటిని పెట్టినవాడు విలియం షెల్డన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త. మనుషుల్ని లావు, సన్నం, కండ అంటూ ఒళ్లుని బట్టి మూడు రకాలుగా విడదీసినాయనే ఈయన. 1949లో తమ దేశపు పాత రాగి సెంట్ల మీద పుస్తకం రాస్తూ నాణేలకూ మార్కులు వేశాడు. ఒకటో నంబరు నాణెం ఒక డాలరు చేస్తే డెబ్భయ్యోది డెబ్భై డాలర్లు చేయాలని ఆయన లెక్క. ఆ ధరల లెక్క ఎప్పుడో తప్పింది కానీ అంకెలు నిలిచాయి. అరవై నుంచి డెబ్భై వరకు చలామణీలోకి రానివాటికే. అన్నట్టు, ఈ మార్కుల మాస్టారు న్యూయార్క్‌లోని నాణేల సంఘం భద్రపరిచిన మంచి సెంట్లను తీసుకుని, వాటి స్థానంలో తన దగ్గరున్న నాసిరకం సెంట్లు పెట్టేవాడని ఆయన పోయాక బయటపడింది. గ్రేడు విలువ ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది!

మనవాళ్లకి ఈ విద్య కొత్తదేం కాదు. షరాబు అనే మాట ఇప్పుడు చాలామందికి ఇంటిపేరుగానే తెలుసు. ఒకప్పుడు రూపాయిని మోగించి, తూచి, ఇది మంచిదో చెడ్డదో చెప్పేవాడు షరాబు. అరిగినా, కాలం చెల్లినా వట్టం తీసుకునేవాడు. బెంగాల్‌లో సిక్కా రూపాయికి అచ్చయిన ఏడాదే పూర్తి విలువ. రెండో ఏడు నూటికి మూడు, ఆ పైన అయిదు చొప్పున వట్టం పోయేది, అరిగినా అరక్కపోయినా! ఈ గోల వదిలించుకోవడానికే ఈస్టిండియా కంపెనీ ఏ ఏడాది కొట్టినా ఒకే పాలనా సంవత్సరం వేయడం మొదలుపెట్టింది. పరీక్షించిన రూపాయి మీద షరాబులు ఉలితో చిన్న ముద్ర కూడా వేసేవారు. అప్పుడది నమ్మకానికి గుర్తు. ఇప్పుడు సేకరించేవాళ్ల దృష్టిలో దెబ్బ.

చిల్లులదీ అంతే కథ. 1943 నుంచి 1947 దాకా వచ్చిన కాణీకి నడుమ చిల్లు టంకశాలే పెట్టింది, యుద్ధకాలంలో లోహం పొదుపు చేయడానికి. అది తప్పు కాదు. మనం మొలతాడుకి కట్టడానికి పెట్టిన చిల్లు తప్పు. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించిన రూపాయి కూడా గ్రేడు పోగొట్టుకున్నట్టే. మన గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ బంగారాన్ని కాసుల్లోనే చెబుతాం, కాసంటే ఎనిమిది గ్రాములు. ఆ లెక్క బ్రిటిష్ సవరను బరువుకి సరిపోతుంది. నాణేన్ని నగగా చూసే అలవాటు మనది. పేచీ అక్కడే వస్తుంది.

అరుగుదల ఒకటే చూస్తే సరిపోదు, అచ్చు ఎలా పడిందో కూడా చూడాలి. దీనికి మన రాజమహేంద్రవరం రాజుగారే సాక్షి. పదకొండో శతాబ్దపు రాజరాజ నరేంద్రుడి బంగారు నాణేలు వెడల్పుగా, కాగితంలా పలచగా ఉంటాయి. మధ్యలో చాళుక్యుల వరాహం, చుట్టూ రాజు పేరు. ఆ పేరులో అక్షరాలను వేర్వేరు ముద్రలతో ఒకదాని తర్వాత ఒకటి కొట్టారు. ఒక అక్షరం లోతుగా పడితే పక్కది తేలిపోతుంది, ఇంకోటి అంచు దాటిపోతుంది. యంత్రం మీద అచ్చయిన రూపాయిని చూసిన కళ్లతో చూస్తే అరిగిపోయిందనిపిస్తుంది. కానీ అది కొట్టినవాడి చేతివాటం. ఇలాంటి నాణేలు బర్మా వైపు అరకాన్ తీరంలో కూడా దొరికాయి. ఈ రాజుల చరిత్ర మీద మనసు పెట్టినవారిలో రాళ్లబండి సుబ్బారావుగారు ముఖ్యులు. 1922లో రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి మొదలైంది ఆయన పూనికతోనే. ఆయన పేరుతో ఉన్న మ్యూజియంలో పాత నాణేలూ ఉన్నాయి. పుష్కరాల రేవుకి వెళ్లినప్పుడు పిల్లల్ని అటూ తీసుకెళ్లండి.

ఇక 1911 సంగతి. అయిదో జార్జి పట్టాభిషేకం ఏడాది అచ్చయిన రూపాయి మీద రాజుగారి వస్త్రంపై గొలుసు, దానికి చిన్న ఏనుగు బొమ్మ ఉంటాయి. చెక్కినవాళ్లు తొండం పొట్టిగా చెక్కడంతో అది చూసేవాళ్లకి పందిలా కనిపించింది. ముస్లింల మనసు నొచ్చుకుంది, గొడవైంది. ప్రభుత్వం విడుదల ఆపేసి, టంకశాలల్లో మిగిలిన రూపాయలు కరిగించేసింది. 1912లో తొండం పొడుగు చేసి కొత్త అచ్చు తెచ్చింది. అప్పటికే బజారులోకి వచ్చినవి మాత్రం ‘పంది రూపాయి’గా పేరు మోశాయి. దీన్ని కొనేవాళ్లు భూతద్దం పెట్టేది రాజుగారి మొహం మీద కాదు, ఆ గోరంత బొమ్మ మీద. మా మూటలోని రూపాయి మీద పెద్దాయన చాలాసేపు వెతికింది దానికోసమే. అక్కడ ఏనుగూ లేదు, పందీ లేదు. నున్నటి బొడిపె మిగిలింది. ముగ్గుపిండితో, కొబ్బరిపీచుతో ఎన్నో శ్రావణమాసాలు నేనే చెరిపేశాను.

తోమితే పోయేదేమిటో ఆయన విడమరిచి చెప్పారు. కొత్త నాణేన్ని దీపం కింద అటూ ఇటూ వంచితే వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. అచ్చు కొట్టే ఒత్తిడికి లోహం మీద పడే కంటికానని గీతల వల్ల వచ్చే మెరుపు అది. పులుపు రాగి కిలుముని కరిగిస్తుంది, ముగ్గుపిండి వెండి మీది నల్లపొరని గీకేస్తుంది. ఆ పొరతో పాటు దాని కిందున్న గీతలూ పోతాయి. మిగిలే తళతళ గిన్నె తళతళే. అలాంటి నాణేలకి గ్రేడు ఇచ్చే సంస్థలు మార్కులే వేయవు, శుభ్రం చేసినది అని రాసి ఊరుకుంటాయి. నల్లపడటం రోగం కాదు, వయసు.

గోదావరిలో వేసిన డబ్బుల గతి ఇంకోలా ఉంటుంది. 1900లో హేవ్‌లాక్ వంతెన మీద రైళ్లు మొదలయ్యాయి. అప్పటినుంచీ కిటికీలోంచి నదిలోకి నాణెం విసిరే చేతులకి లెక్కలేదు. తాడుకి అయస్కాంతం కట్టి కుర్రాళ్లు తీసేవి ఇప్పటి స్టీలు బిళ్లలు. వెండీ రాగీ అయస్కాంతానికి అంటవు కాబట్టి అడుగునే ఉండిపోతాయి. ఒకవేళ బయటపడినా ఇసుక ఒరిపిడికి గుంతలు పడి ఉంటాయి, ఏ తరగతికీ అందవు. పొలంలోనో పునాదుల్లోనో లంకెబిందె బయటపడితే మాత్రం తోమడం, పంచుకోవడం రెండూ పనికిరావు. పది రూపాయలకి మించిన నిధి దొరికితే కలెక్టరుకి తెలపాలని 1878 నుంచి చట్టం ఉంది.

మరి మన జేబులో చిల్లర? పిల్లలకి సరదాగా ఉంటుంది, చూడమనండి. సంవత్సరం కింద అయిదు కోణాల నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలది. అయితే, పాత అయిదు రూపాయల నోటుకి లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి అంటూ వచ్చే ఫోన్లని నమ్మొద్దు. తన పేరు వాడుకుని ఇలా మోసం చేస్తున్నారని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. నిజంగా కొనేవాడు ముందు నాణేన్ని చూస్తానంటాడు, డబ్బు అడగడు.

ఇంట్లో పాత బిళ్లలుంటే అంచులు పట్టుకోండి, వేలిముద్ర కూడా మచ్చ అవుతుంది. ఒక్కోదాన్ని విడిగా పొడి కాగితపు కవరులో ఉంచండి. మెత్తటి ప్లాస్టిక్ సంచులు వద్దు, అవే కొన్నాళ్లకి ఆకుపచ్చ జిగురు పట్టిస్తాయి.

రాజమండ్రి నుంచి వచ్చాక అమ్మ కుట్టుమిషను సొరుగులో ఓ అణా దొరికింది. ఎడ్వర్డు కాలంది, అంచు పూరేకుల్లా వంపులు తిరిగి ఉంటుంది. బొరుసువైపు నాలుగు లిపుల్లో విలువ రాసి ఉంది, అందులో తెలుగూ ఒకటి. బొత్తాల మధ్య పడి ఉండటంతో దాన్ని ఎవరూ తోమలేదు. మన అక్షరాలు చక్కగా చదవగలిగాను. పెద్దాయనకి పంపిస్తే వెరీ ఫైన్ అన్నారు.

మొన్న శ్రావణ శుక్రవారం ముందురోజు అమ్మ మూట విప్పి, చింతపండు గిన్నె పక్కన పెట్టుకుంది. ‘ఎలాగూ తోమేసినవేగా, ఇంకోసారి తోమితే ఏం పోతుందే?’ అంది. నాకు జవాబు తోచక పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన నవ్వారు. ‘ఆ పదకొండూ అమ్మవారివండీ, తోముకోనివ్వండి. ఆ అణా మాత్రం అమ్మగారికి కనపడకుండా దాచేయండి’ అన్నారు.