ఆ ఆఖరి గడిలో నా పేరు
(విద్యాశాఖ పెద్దలకు బహిరంగ లేఖ)



మొన్న శుక్రవారం మూడో పీరియడ్‌లో ఎనిమిదో తరగతికి సమాసాలు చెబుతున్నాను. అటెండర్ కాగితం పట్టుకొచ్చాడు. అత్యవసరం, గంటలోగా పైకి పంపాలి అన్నాడు. మీ దగ్గర్నుంచి వచ్చే ప్రొఫార్మాల్లో అత్యవసరం కానిది ఈ ఇరవై మూడేళ్ళలో ఒక్కటీ చూడలేదు కనుక కంగారు పడలేదు. పేరు, హోదా, పుట్టిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ, రిటైరయ్యే తేదీ ఉన్నాయి. ఆఖరి గడిలో ‘టెట్ క్వాలిఫైడ్ / నాన్ క్వాలిఫైడ్’. టెట్ అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష. నా గడి అప్పటికే నింపేసి ఉంది. నేను చేయాల్సిందల్లా సంతకం. పెట్టాను.

సాయంత్రానికి మండలం మొత్తం జాబితా టీచర్ల వాట్సాప్ గ్రూపులో ప్రత్యక్షమైంది. ‘నాన్ క్వాలిఫైడ్’ అని ఉన్న వరుసలకు ఎవరో ఎర్ర రంగు పూశారు. ఇన్నేళ్ళూ ఎర్ర సిరా నా చేతిలో ఉండేది.

‘నాన్ క్వాలిఫైడ్’ను తెలుగు చేస్తే అనర్హురాలు. విగ్రహవాక్యం: అర్హురాలు కానిది. నఞ్ తత్పురుష సమాసం. ఆ పూట బోర్డు మీద రాసిన పాఠమే అది, ఉదాహరణే మారింది. ఎం.ఏ. తెలుగు, పండిత శిక్షణ, 2002 డీఎస్సీ. మీరు పెట్టిన పరీక్ష రాసి, మీరిచ్చిన ఆర్డరు పట్టుకుని చేరాను. గ్రేడ్-2 పండిట్ జీతానికి తొమ్మిది, పది తరగతులకు పాఠాలు చెప్పాను. స్కూల్ అసిస్టెంట్ అనిపించుకోవడానికి 2024 దాకా ఆగాను. ఆ ఆగడం సంగతి మీకు తెలుసు, మళ్ళీ ఎత్తను. రెండేళ్ళు తిరక్కుండానే అనర్హురాలినయ్యాను.

తీర్పు మీది కాదు, ఒప్పుకుంటాను. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది: ఐదేళ్ళకు మించి సర్వీసు మిగిలినవాళ్ళు రెండేళ్ళలో టెట్ పాసవ్వాలి, లేదా ఇంటికి వెళ్ళాలి. ఐదేళ్ళలోపు ఉన్నవాళ్ళకు ప్రమోషన్ కావాలంటేనే పరీక్ష. మా హిందీ మేడమ్‌కు ఆ రోజుకు ఐదేళ్ళ రెండు నెలలు మిగిలాయి. ఇంకో మూడు నెలలు ముందు పుట్టి ఉంటే ఆవిడ అర్హురాలే. వాళ్ళమ్మను ఎన్నిసార్లు తల్చుకుందో ఈ నాలుగు నెలల్లో.

కానీ 2010 ఆగస్టు 23 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నోటిఫికేషన్‌లో, అంతకు ముందు చేరినవాళ్ళకు టెట్ అక్కర్లేదన్నది ఎవరు? మేమా? 2017లో విద్యాహక్కు చట్టం సవరించి, 2019 మార్చి 31 లోగా అర్హతలు తెచ్చుకోవాలన్నారట. ఆ సంగతి మా బడిదాకా ఏ సర్క్యులర్‌లో వచ్చింది? వచ్చే ఉంటే ఏ పరీక్ష రాయమన్నారు? మన తెలంగాణలో 2017 జులైలో ఒక టెట్ జరిగింది. ఆ తర్వాతది 2022 జూన్‌లో. మధ్యలో గడువు వచ్చి వెళ్ళిపోయింది. పరీక్షే పెట్టని ఏళ్ళకు కూడా పాసవ్వనిది మేమేనా?

పరీక్ష అంటే భయపడి రాస్తున్నానని అనుకోకండి. 2026 జనవరి 3 నుంచి జరిగే టెట్‌కు దరఖాస్తు పెట్టాను, 750 రూపాయలు కట్టాను, రోజూ చదువుతున్నాను. రాత్రి గిన్నెలు తోమడం అయ్యాక తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర. చత్వారం వచ్చిన కళ్ళకు బిట్ల పుస్తకంలోని అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. ఆ రెండు గంటల్లో పియాజే, కోల్‌బర్గ్, థార్న్‌డైక్ పిల్లి, పావ్‌లోవ్ కుక్క, కోహ్లర్ చింపాంజీ. వీళ్ళంతా పండిత శిక్షణ నాటి పాత పరిచయస్తులే. ఇప్పుడు చదువుతుంటే మాత్రం ఒక అనుమానం వచ్చింది, మీరే తీర్చాలి. పాసవ్వకపోతే ఉద్యోగం పోతుందని చెప్పి చదివించడం ఋణాత్మక పునర్బలనం అవుతుందా, దండన అవుతుందా? ఏ గ్రాండ్ టెస్టులోనూ ఈ బిట్టు రాలేదు.

అసలు గొడవ సోషల్‌తో. పేపర్-2లో 150 మార్కులు. శిశువికాసం 30, తెలుగు 30, ఇంగ్లిషు 30. మిగిలిన 60 గణితం-సైన్సు అయినా కావాలి, సాంఘికశాస్త్రం అయినా కావాలి. భాష చెప్పేవాళ్ళు ఈ రెంటిలో ఏదో ఒకటి తీసుకోవాలి. ఛందస్సు చెప్పే నాకు 30 మార్కుల తెలుగు, అక్షాంశాలూ రేఖాంశాలూ చెప్పని నాకు 60 మార్కుల సోషల్. పక్క రాష్ట్రం టెట్‌లో భాషోపాధ్యాయులకు ఆ 60 భాషలోనే ఉన్నాయి. కృష్ణ దాటితే భాష సబ్జెక్టు అవుతుంది, ఇటు ఉంటే కాదా? మా జీవశాస్త్రం సార్‌ది ఇంకో తంటా. గణితం వదిలి ముప్ఫై ఏళ్ళయిన మనిషి, స్టాఫ్‌రూములో పదో తరగతి పిల్లాడి దగ్గర బీజగణితం చెప్పించుకుంటున్నాడు.

నాకు కావలసింది 75. బీసీలకు సగం మార్కులు చాలన్నారు. ఒక రాత్రి లెక్క వేశాను. తెలుగులో 27 వస్తాయి. శిశువికాసంలో 18. ఇంగ్లిషులో కిందా మీదా పడితే 15. మొత్తం అరవై. ఇంకో పదిహేను కావాలి. సోషల్‌లో అరవై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, తప్పుకు మార్కులు కోయరు. ప్రశ్న చదవకుండా అరవైకీ ఒకే గుర్తు నొక్కుకుంటూ పోయినా, నాలుగింట ఒకటి చొప్పున సుమారు పదిహేను రాలతాయి. అంటే కళ్ళు మూసుకుని మౌస్ నొక్కితే నేను అర్హురాలినయ్యే అవకాశం ఉంది. రెండు తగ్గితే తిరిగి అనర్హురాలిని. ఇరవై మూడేళ్ళు నేను బడిలో చేసినదేదీ ఆ పదిహేనులో లేదు. ఇంతకీ నాలో ఏం కొలుస్తున్నట్టు మీరు? ఈ పరీక్షలో నెగ్గినందువల్ల రేపు మా ఎనిమిదో తరగతి బి సెక్షన్‌లో ఏ పిల్ల ఒత్తులు సరిగ్గా రాస్తుంది?

అయినా చదువుతున్నాను, గుడ్డిగా గుర్తు పెట్టడం నాకు చేతకాదు. మా సోషల్ సార్ మధ్యాహ్న భోజనం వేళ పాఠం చెబుతారు. పిల్లలకు తెలిసిపోయింది. ‘మేడమ్, మీకూ పరీక్షేనా?’ అని అడిగారు. అవునన్నాను. వెనక బెంచీ నుంచి ఒకడు, ‘ఫెయిలైతే ఏం చేస్తరు మేడమ్?’ అన్నాడు. ఏ కొంటెతనం లేదు వాడి గొంతులో, నిజంగా తెలుసుకుందామని అడిగాడు. మీరైతే ఏం చెబుతారు?

చదవడానికి వేళ ఎక్కడుంది అన్నది ఇంకో సంగతి. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతల పంచాయతీ ఎన్నికలు. ముందు రోజు సామాన్లు తీసుకుని పోలింగ్ కేంద్రంలో పడక, తెల్లారి పోలింగ్, మధ్యాహ్నం నుంచి లెక్కింపు, ఉపసర్పంచ్ ఎన్నిక కూడా ముగించుకుని ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి. మర్నాడు పదో తరగతి స్పెషల్ క్లాసు. ఆ వారంలోనే విద్యాహక్కు చట్టం చదివాను. అది టెట్ సిలబస్‌లో ఉంది. నన్ను అనర్హురాలిని చేసిన 23వ సెక్షన్‌ను మార్కుల కోసం బట్టీ పడుతున్నాను. నాలుగు పుటలు తిప్పితే 27వ సెక్షన్. దశవార్షిక జనగణనకు, విపత్తు సహాయానికి, ఎన్నికలకు తప్ప టీచర్లను చదువుకు సంబంధం లేని పనులకు పంపకూడదని రాసి ఉంది. ఎన్నికల డ్యూటీ సరే, చట్టంలోనే ఉంది. 2024 నవంబరులో మా ప్రాథమిక పాఠశాలల మిత్రులు ఒంటిపూట బడి నడిపి ఇంటింటికీ తిరిగిన కులగణన సర్వే ఈ మూడింటిలో దేని కిందికి వస్తుంది? ఒకే చట్టంలో ఒక సెక్షన్‌కు రెండేళ్ళ గడువు, ఇంకో సెక్షన్‌కు గడువే లేదు. ఎందుకని?

ఒకటి దాచకుండా చెప్పాలి. నాకు బిట్లు పంపుతున్నది నా దగ్గర పదోక్లాసు చదివిన కుర్రాడు. ముప్ఫై దాటాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో నలుగురితో కలిసి గదిలో ఉంటాడు. టెట్ ఎప్పుడో పాసయ్యాడు. డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ కనుక మార్కులు పెంచుకోవడానికి మళ్ళీ మళ్ళీ రాస్తున్నాడు. 400 ఉన్న ఫీజు 2024లో వెయ్యి చేసినప్పుడు స్నేహితుడి దగ్గర అప్పు చేశాడు. ‘మేడమ్, పాలిటీ ముందు చూసుకోండి, తొందరగా వస్తది’ అని ధైర్యం చెబుతాడు. ఓ రోజు ఫోన్‌లో కాస్త తడబడి అన్నాడు: ‘ఇక్కడ అందరూ అంటున్నరు మేడమ్, సర్వీసు వాళ్ళు ఫెయిలైతే మాకు ఖాళీలు పెరుగుతయని.’ తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. వాడికి అక్షరాలు నేర్పినదాన్ని నేను. వాడికి ఉద్యోగం రావాలని నేనెంత కోరుకుంటానో మీకు తెలియదు. మమ్మల్నిద్దరినీ ఈ స్థితికి తెచ్చి నిలబెట్టింది ఎవరు?

సెంటరు ఏ జిల్లాలో పడుతుంది? పరీక్ష రోజు ఆన్ డ్యూటీయా, సీఎల్ పెట్టుకోవాలా? తమిళనాడు, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాలు తమ టీచర్ల తరఫున సుప్రీంకోర్టు తలుపు మళ్ళీ తట్టాయి. మరి మీరు? నేను పదో తరగతి దాకా చెబుతాను, టెట్ ఎనిమిది దాకానే. తొమ్మిది, పది తరగతులకు నేను అర్హురాలినేనా, లేక అదీ ఇంకో ప్రొఫార్మాలో వస్తుందా?

ఏం చేయమంటావు అని మీరడగవచ్చు. నాకు చట్టాలు తెలియవు, తెలిసిన రెండు సెక్షన్లూ పరీక్ష కోసం చదివినవే. ఏదో ఒకటి చేయండి. మా పిల్లల్ని మేం చదివించామో లేదో చూడాలనుకుంటే బడికి రండి, వెనక బెంచీలో కూర్చోండి, ఎన్ని రోజులైనా సరే. పరీక్షే పెట్టాలంటే నేను చెప్పే పాఠంలో పెట్టండి. అదీ కుదరదంటే కనీసం ఆ ఆఖరి గడికి వేరే మాట ఏదైనా రాయండి. ‘రాయవలసినవారు’ అనండి. తెలుగులో మాటలకు కొదవ లేదు, కావాలంటే నేను రాసిస్తాను.

ఇట్లు,
జాబితాలో పదిహేడో వరుస
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల తెలుగు ఉపాధ్యాయురాలు

తా.క.: ఇది ముగించేలోగా ఫోన్ మోగింది. పంపిన ప్రొఫార్మాలో టెట్ గడి పక్కన ‘దరఖాస్తు చేశారా?’ అని ఇంకో గడి చేర్చారట. రేపు పదిగంటలకల్లా పంపాలి. అత్యవసరం.