కొత్త కంప్యూటరు – రెండు అల్లిక సూదులు

'అల్లు' అనే ధాతువు మీద తెలుగువారికి ప్రత్యేకమైన మమకారం ఉంది. బుట్ట అల్లుతాం, జడ అల్లుతాం, మాల అల్లుతాం. మల్లెతీగ తనంతట తానే పందిరికి అల్లుకుంటుంది. కథనూ అల్లుతాం, లేనిపోని కథ చెప్పినా ఆ క్రియనే వాడతాం. అల్లసాని పెద్దన కవిత్వాన్ని మెచ్చుకోవలసి వచ్చినప్పుడు పూర్వులు ముందుగా ప్రశంసించింది ఆయన అల్లికనే. వాత్స్యాయనుడు పేర్కొన్న అరవైనాలుగు కళలలో మాలలు కూర్చడానికీ, సూదిపనికీ, బెత్తపు అల్లికకూ సంగీత నృత్యాలతోపాటే స్థానం లభించింది. ఇంత చరిత్ర గల విద్యను మనం నేడు 'ఏమీ తోచనివారు చేసుకునే పని'గా జమకట్టి పక్కన పెట్టాము. తోచనివారికి ఫోనూ కంప్యూటరూ ఉన్నాయి గదా అని సమాధానపడ్డాము. ఈ సమాధానం నాకు సమ్మతం కాదు. కంప్యూటరు మీద కోపంతో చెబుతున్న మాట కాదిది, ఆ కోపానికి తగిన కారణాలు లేకపోలేదు గాని.

కొత్త కంప్యూటరు ఇంటికి వచ్చిన నాటి సంగతి చాలామందికి అనుభవంలో ఉన్నదే. పెట్టె విప్పి మీట నొక్కగానే పని మొదలవుతుందని ఆశపడతాం. అది ముందు మన పేరు అడుగుతుంది. తరువాత రహస్య సంకేతపదం అడుగుతుంది. ఆ పదంలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం, ఒక అంకె, ఒక విశేష చిహ్నం ఉండి తీరాలంటుంది. ఛందశ్శాస్త్రంలో కూడా ఇన్ని నియమాలు లేవేమో అనిపిస్తుంది. పుటలకొద్దీ సాగే ఒడంబడికను చదవకుండానే 'అంగీకరిస్తున్నాను' అనిపించుకుంటుంది. అప్పుడు నవీకరణ మొదలుపెట్టి, దయచేసి ఆపివేయవద్దని వేడుకుంటుంది. ముప్పై శాతం దగ్గర నిలిచిన అంకె గంట గడిచినా కదలదు. పదేళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్న పాత ప్రింటరును చూసి, నీవెవరో నాకు తెలియదంటుంది.

ఇవన్నీ ఓర్చుకోదగినవే. తెలుగు అధ్యాపకుణ్ణి నిజంగా బాధపెట్టేది మరొకటి. పదిహేనేళ్లపాటు పాత యంత్రంలో రాసి దాచుకున్న పాఠాల నోట్సునూ, ప్రశ్నపత్రాలనూ కొత్త యంత్రంలో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం కనిపించలేదు. పుటంతా ఆంగ్ల అక్షరాలూ, నక్షత్రాలూ, బాణాలూ కలగలిసిన కలగూరగంప. దీనికి కారణం తెలుసుకోదగినది. ఒకప్పటి ఖతులలో తెలుగు అక్షరాలకంటూ సొంత సంకేతాలు లేవు. ఆంగ్ల అక్షరాల స్థానాలలో తెలుగు ఒత్తులనూ, గుణింతపు గుర్తులనూ, తలకట్లనూ బొమ్మలుగా కూర్చారు. ఆ ఖతి ఉన్నంతకాలం అది తెలుగు. ఖతి లేనినాడు దాని అసలు రూపం బయటపడుతుంది. అన్ని భాషలకూ ఉమ్మడి సంకేతాలను ఏర్పరచిన యూనికోడ్ 1991లో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చింది. 128 స్థానాలు మన లిపికి కేటాయించబడ్డాయి. అయినా అచ్చుపని చేసేవారూ, కార్యాలయాలవారూ ఆ తరువాత చాలా ఏళ్లు పాత ఖతులనే పట్టుకుని వేలాడారు. ఫలితంగా ఒక తరంవారి రాతలు అనేకం తాళంచెవి పోయిన పెట్టెల్లో పడి ఉన్నాయి. ఇది ఒకరిద్దరి నష్టం కాదు.

యూనికోడ్ వచ్చాక కూడా యంత్రానికి తెలుగు సులభంగా కొరుకుడుపడలేదు. 'స్త్రీ' అన్నది మన కంటికి ఒకే అక్షరం. యంత్రం లోపల అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈత్వం అనే ఆరు సంకేతాల వరుస. ఆ ఆరింటినీ కలిపి, ఒకదాని కింద ఒకటి చేర్చి చూపడం దానికి పెద్ద పరీక్ష. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరం ఒకానొక సంకేతక్రమంలో సందేశంగా చేరితే చాలు, ఐఫోన్లలో ఆ సందేశాలు చూపే అనువర్తనం కుప్పకూలిపోయేది. సంస్థవారు హుటాహుటిన దిద్దుబాటు విడుదల చేయవలసి వచ్చింది. జ్ఞానంలోని మొదటి అక్షరమే అంత పని చేసిందని విని తెలుగు పండితులు కొందరు లోలోపల సంతోషించి ఉంటే తప్పు పట్టలేము.

అల్లికలోనూ చిక్కులు లేవా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. ఉన్ని చిక్కుపడుతుంది, వరుసలో ఒక మెలిక జారిపోతుంది, లెక్క తప్పితే చేయి పట్టవలసిన చోట మెడ వస్తుంది. అయితే ఆ చిక్కుకూ ఈ చిక్కుకూ జాతిభేదం ఉంది. అల్లికలో ఎక్కడ తప్పిందో కంటికి కనిపిస్తుంది. పది వరుసలు ఊడదీస్తే తప్పు దగ్గరకు చేరుకుంటాం. ఊడదీసిన దారం వ్యర్థం కాదు, మళ్లీ అల్లడానికి అదే పనికివస్తుంది. కంప్యూటరు మాత్రం 'ఏదో పొరపాటు జరిగింది' అని ఊరుకుంటుంది. ఆ వాక్యాన్ని వ్యాకరణ దృష్టితో పరిశీలించండి. చేసినవారెవరో అందులో లేదు. ఏం జరిగిందో లేదు, ఎందుకు జరిగిందో లేదు. ఇటువంటి వాక్యం మీ జవాబుపత్రంలో కనిపిస్తే నేను సున్నా వేస్తాను. మనిషికి విసుగు పుట్టించేది తప్పు జరగడం కాదు, తప్పు దగ్గరకు తనను వెళ్లనివ్వకపోవడం.

విచిత్రమేమంటే ఈ రెండూ ఒకే కుదురు నుంచి పుట్టినవి. ఫ్రాన్సు దేశంలోని లియాన్ పట్టణానికి చెందిన జకార్డ్ 1804 ప్రాంతంలో ఒక మగ్గపు సాధనాన్ని రూపొందించాడు. వరుసగా కట్టిన అట్టముక్కలలో రంధ్రం ఉన్నచోట పడుగుపోగు పైకి లేస్తుంది, లేనిచోట అలాగే ఉంటుంది. ఎంతటి పూలతీగనైనా ఈ రెండు మాటలతోనే నేయవచ్చు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన గణనయంత్రానికి ఆ అట్టలనే ఊహించాడు. ఆ యంత్రాన్ని గురించి 1843లో వివరణలు ప్రచురించిన అడా లవ్‌లేస్ దాని పనిని జకార్డ్ మగ్గం నేతతోనే పోల్చింది. 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ లెక్కించింది రంధ్రాల అట్టలతోనే. ఇక 1969లో చంద్రుని మీదకు మనుషులను చేర్చిన అపోలో నౌకలోని కంప్యూటరు సంగతి మరీ ఆశ్చర్యకరం. దాని స్థిరస్మృతిని అక్షరాలా అల్లారు. సన్నని రాగితీగ చిన్న అయస్కాంత వలయం గుండా వెళితే ఒకటి, పక్కనుంచి వెళితే సున్నా. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఒక కర్మాగారంలో ఆ తీగలను సూదితో దూర్చి కూర్చినవారు స్త్రీలు. ఒక్క తీగ దారి తప్పినా గణన తప్పుతుంది. చంద్రునిపై తొలి అడుగు వేసినవారి పేర్లు మీకు కంఠస్థం. ఆ తీగలు అల్లినవారి పేర్లు పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు.

ఉన్ని స్వెట్టరు అల్లికలో ఉన్నవి కూడా ముఖ్యంగా రెండే. మెలికను ముందు నుంచి లాగడం ఒకటి, వెనుక నుంచి లాగడం ఒకటి. మన ఎండలకు స్వెట్టరు ఎవరికి కావాలన్నది న్యాయమైన ప్రశ్నే. ఆదిలాబాదు, అరకు ప్రాంతాలవారు తప్ప తక్కినవారు దానిని డిసెంబరులో నాలుగు రోజులు తొడిగి మడిచిపెడతారు. అందుకే కాబోలు, కోస్తాలో ఉన్ని కంటె లేసు దారానికి ఎక్కువ ఆదరణ దొరికింది.

లేసు పేరు చెప్పగానే నరసాపురం గుర్తుకు రావాలి. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి తీరానికి చేరిన ఈ కొక్కెపు సూది పని, నరసాపురం, పాలకొల్లు పరిసర గ్రామాలలో వేలాది ఇళ్లలోకి ప్రవేశించింది. ఇక్కడ అల్లిన బల్లగుడ్డలూ దిండుగలీబులూ ఐరోపా, అమెరికా ఖండాలకు వెళ్లాయి. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇంతవరకు గర్వకారణమే. కాని జర్మనీకి చెందిన సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికి వచ్చి పరిశీలించి, 1982లో ప్రకటించిన గ్రంథంలో ఒక చేదు నిజాన్ని బయటపెట్టింది. ఇంటిపనితోపాటు రోజులో చాలా గంటలు సూది పట్టుకుని, దేశానికి విదేశీ ద్రవ్యం తెచ్చిపెట్టిన ఆ స్త్రీలను ఎవరూ కార్మికులుగా లెక్కించలేదు. వారు గృహిణులు, ఏదో తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకుంటున్నారు అన్నారు. తీరిక వేళ పనికి కూలి తక్కువైతేనేం? ఎగుమతి చేసే వర్తకుని లాభానికి ఆ 'తీరిక' అన్న మాటే అండగా నిలిచింది.

కాబట్టి తీరిక అన్నమాటను మనం జాగ్రత్తగా వాడాలి. ఒకరి చేతిలో సూది అభిరుచి, మరొకరి చేతిలో అదే సూది అన్నం. అభిరుచిని మెచ్చుకుంటూ, అన్నం కోసం అల్లేవారి శ్రమను కూడా అభిరుచి కింద కలిపేయడం అన్యాయం. లేసు ముక్కను బేరమాడే ముందు అది ఎన్ని గంటల పనో అడిగి తెలుసుకోవడం కొనేవారి బాధ్యత.

యంత్రం ఈ శ్రమను తగ్గించలేదా? తగ్గించగలదు, చేసినవాడి మనసులో ఆ మనిషి ఉంటే. చీరను చిటికి పద్ధతిలో నేసే ముందు ఆసు పోయాలి. అర్ధవృత్తంలో నాటిన మేకుల చుట్టూ దారాన్ని చేతితో అటూ ఇటూ తిప్పుతూ, ఒక్క చీరకు వేలసార్లు చేయి ఆడించాలి. ఆ పని సాధారణంగా ఇంటి ఆడవారిదే. భుజాలు పడిపోతున్న తన తల్లి లక్ష్మి బాధ చూడలేక, చదువు మధ్యలోనే ఆగిపోయిన చింతకింది మల్లేశం ఏళ్లతరబడి శ్రమించి 1999 నాటికి ఆసు యంత్రాన్ని తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. గంటలకొద్దీ సాగే పనిని ఆ యంత్రం చాలా తక్కువ వ్యవధిలో ముగించి, నేత ఇళ్లలోని స్త్రీలకు నిజమైన తీరికను ఇచ్చింది. బల్లమీది కొత్త కంప్యూటరు మాత్రం తీరిక ఇస్తానని ఇంట్లో కాలుపెట్టి, ఉన్న తీరికను తానే భోంచేస్తున్నది. ఏ యంత్రాన్ని చూసినా నాకు మల్లేశం తల్లి భుజాలు గుర్తుకు వస్తాయి. ఇది ఎవరి భుజం నొప్పి తగ్గించడానికి పుట్టిందని అడగాలనిపిస్తుంది.

అంతమాత్రాన కంప్యూటరు పట్టుకున్నవారంతా కాలాన్ని వృథా చేస్తున్నారని నేను అనను. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో వేలకొద్దీ వ్యాసాలు చేరింది ఎవరో జీతమిచ్చి రాయించినందువల్ల కాదు. ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రిపూట కూర్చుని రాసినవారివల్ల. నేడు పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణుల పేర్లతో యూనికోడ్ ఖతులు ఉచితంగా దొరుకుతున్నాయి. రాయల సభలోని కవులు ఇలా మళ్లీ కొలువుదీరడం ప్రబంధాలు చదువుకున్నవాడికి కలిగించే ఆనందం చెప్పనలవికాదు. ఈ పనులన్నిటిలోనూ అల్లికలోని గుణమే ఉంది. చేసేవాడు తాను చేసినదాన్ని చూడగలడు, తప్పు దిద్దగలడు, ఇతరులకు ఇవ్వగలడు. నాకు అభ్యంతరమున్నది రెండోరకం వ్యవహారంతో. బొటనవేలితో తెరను పైకి తోస్తూ రెండు గంటలు గడిపి, లేచేసరికి చూసినది ఒక్కటైనా గుర్తులేని స్థితి అది. దరఖాస్తులలో 'అభిరుచులు' అన్న గడిలో మన విద్యార్థులు సినిమాలు చూడటం, పాటలు వినడం అని రాస్తారు. చూడటం, వినడం మంచివే. కాని చేయడం, కట్టడం, పెంచడం, అల్లడం అన్న క్రియలు ఆ గడిలో అరుదైపోతున్నాయి. ఏ తరగతిలోనైనా పది దరఖాస్తులు తిరగేసి చూడండి.

పూర్వం పాఠశాలల్లో కుట్లు అల్లికలకు వారానికి ఒకటి రెండు పీరియడ్లు ఉండేవి. బాలికలకు సూది, బాలురకు ఉలి అన్న విభజన ఉండేది. ఆ విభజన నాకు ఇష్టం లేదు. సూదికి ఆడమగ తేడా లేదు. మగ్గం మీద కూర్చున్న మగవారిని ఎవరూ వింతగా చూడలేదు గదా. జూనియర్ కళాశాలల్లో వారానికి ఒక గంట ఏదో ఒక చేతిపనికి కేటాయించాలని నా అభిప్రాయం. లేసు కావచ్చు, బుట్టల అల్లిక కావచ్చు, పుస్తకాలకు బైండు కట్టడం కావచ్చు. విరిగిన కంప్యూటరును విప్పి లోపల ఏముందో చూడటం కూడా ఆ గంటలోకే వస్తుంది. ప్రవేశపరీక్షల ఒత్తిడిలో ఇందుకు సమయం ఎక్కడిదని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ ప్రశ్నను తేలికగా కొట్టివేయలేము, ఎందుకంటే ర్యాంకు రాకపోతే ఏమవుతుందో వారికి తెలుసు. అయినా రోజుకు పన్నెండు గంటలు బల్లముందు కూర్చున్న పిల్లవాడు మిగిలిన అరగంటనూ తెరముందే గడుపుతున్నాడన్నది వారికి ఇంకా బాగా తెలుసు. నేను అడుగుతున్నది ఆ అరగంటలో కొంత భాగాన్ని. దానికి మార్కులు ఉండవు, పరీక్ష ఉండదు. ఒక ఉన్ని ఉండకూ రెండు సూదులకూ అయ్యే ఖర్చు ఒక నెల ఫోను రీఛార్జిని మించదు.