బోధన్ మైదానానికి ఒక క్లినిక్ ఇవ్వండి

తెలంగాణ క్రీడా ప్రాధికార సంస్థ పెద్దలకు,

మా నిజామాబాద్ జిల్లా పేరెత్తితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది బాక్సర్ నిఖత్ జరీన్. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత. ఆ నిఖతే 2017లో భుజం గాయంతో చాలాకాలం రింగుకు దూరమైంది. ఇదే జిల్లాకు చెందిన బాక్సర్ హుసాముద్దీన్ 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో సెమీస్‌కు చేరి, మోకాలి గాయం వల్ల ఆ పోటీ ఆడకుండానే కాంస్యంతో వెనుదిరిగాడు. అంత పెద్ద ఆటగాళ్లకు పక్కనే ఫిజియో, డాక్టర్ ఉంటారు. మా పక్క ఎడపల్లిలోనో రెంజల్‌లోనో కబడ్డీ ఆడే పిల్లకు మోకాలు మెలిపడితే పరుగెత్తుకొచ్చేది పీఈటీ సారు ఒక్కడే.

మా బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 1937లో మొదలై 2015 డిసెంబరులో మూతపడింది. దాన్ని నమ్ముకున్న ఇళ్ల పిల్లలు, చెరుకు కోసే కూలీల పిల్లలు మా దగ్గరికి వస్తారు. వాళ్లలో ఒకరికి మోకాలి ఆపరేషన్ అవసరమైతే ఆ ఇల్లు అప్పులపాలవుతుంది. అందుకే గాయం కాకుండా చూడటమే మాకు పెద్ద శిక్షణ.

అది నేర్పడానికి జిమ్ము అక్కర్లేదు. హైదరాబాద్‌లో నేను వెళ్లిన, కోచ్‌లకు శిక్షణ ఇచ్చే ఒక క్లినిక్‌లో సగం రోజు ఒక్క విషయం మీదే గడిచింది. అదే ఎగిరి దిగడం. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా, పాదాల వేళ్ల వైపు నిలుస్తున్నాయా? ఎదురుగా నిలబడి చూస్తేనే అది తెలుస్తుంది. మోకాలి లిగమెంటు తెగే ముప్పు అబ్బాయిలకంటే అమ్మాయిలకు ఎక్కువ కాబట్టి ఈ చూపు వాళ్ల కోచ్‌కు మరీ అవసరం. తర్వాత తొడ వెనక కండరానికి కసరత్తు. ఒకరు మోకాళ్ల మీద నిలబడితే జతగాడు చీలమండలు గట్టిగా పట్టుకుంటాడు, నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలాలి. మాతోనే చేయించారు. మర్నాడు మెట్లు దిగుతుంటే తొడలు పట్టేశాయి. పిల్లలకు మొదటి వారం ఎన్ని చాలో ఆ నొప్పే చెప్పింది. వీడియో చూస్తే ఇది రాదు.

ఒకసారి నేర్చుకుంటే చాలదు కూడా. అమెరికాలో 1978లో ఏర్పడిన స్ట్రెంత్ అండ్ కండిషనింగ్ కోచ్‌ల సంఘంలో మూడేళ్లకోసారి కొత్తగా నేర్చుకున్నది చూపిస్తేనే సర్టిఫికెట్ నిలుస్తుంది. మన దగ్గర చాలామంది కోచ్‌లకు కోర్సు ముగిసిన రోజే చదువు ముగుస్తోంది. వాళ్లకు నేర్చుకోవాలని లేక కాదు. సెలవు దొరకదు, దారిఖర్చు సొంతం, ఇంటి బాధ్యతలున్న మహిళా పీఈటీలకు రెండు రాత్రులు బయట ఉండటం ఇంకా కష్టం. కోచ్‌లను రాజధానికి రమ్మనడం మాని, నేర్పేవాళ్లను మా దగ్గరికి పంపండి.

వేసవి శిబిరాలు మొదలయ్యే లోపు నిజామాబాద్‌లో రెండు రోజులు, బోధన్‌లో రెండు రోజులు క్లినిక్ పెట్టించండి. హాజరైన పీఈటీలకు ఆన్ డ్యూటీ ఇప్పించండి. ఒక ఫిజియోను, ఒక కండిషనింగ్ కోచ్‌ను పంపండి, మైదానం మేం శుభ్రం చేసి ఉంచుతాం. ఏటా అదే నెలలో మళ్లీ రండి.

ఇట్లు,
బోధన్ నుంచి ఒక కోచ్