క్వారీలో వినవలసిన మాట

శ్రీకాకుళం జిల్లా అనగానే ఉద్దానపు కొబ్బరితోటలు, పలాస జీడిపప్పు మనకు స్ఫురిస్తాయి. ఈ నేలకు మరొక సంపద కూడా ఉంది. అది టెక్కలి పరిసరాల కొండలలో లభించే నీలి గ్రానైట్. దేశవిదేశాల భవనాలకు సొగసు కూర్చే ఆ రాయి వెనుక క్వారీ కార్మికుని శ్రమ ఉంది. అతని ఊపిరి కూడా ఉంది.

రాతిపని ఈ ప్రాంతానికి కొత్త కాదు. వంశధార తీరాన శ్రీముఖలింగంలో తూర్పు గాంగుల కాలంనాటి ఆలయాలు అందుకు సాక్ష్యం. ఆనాడు కొండ తరిగే వేగానికి మనిషి చేతి సత్తువే హద్దు. నేడు వజ్రపు పూసలు పొదిగిన తీగరంపాలు, భారీ యంత్రాలు ఆ హద్దును చెరిపివేశాయి. కనుకనే చట్టం కొత్త హద్దులను గీయవలసి వచ్చింది. 5 హెక్టార్లలోపు చిన్నతరహా ఖనిజాల లీజులకు సైతం పర్యావరణ అనుమతి అవసరమని సుప్రీంకోర్టు 2012లో ఆదేశించింది.

అయితే పర్యావరణ పరిరక్షణ ప్రస్తావన వచ్చినప్పుడు మాట్లాడేదెవరు? యాజమాన్యం నివేదిక సమర్పిస్తుంది. అధికారి తనిఖీ చేస్తాడు. పెద్ద గనుల విషయంలో 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటనను అనుసరించి, చుట్టుపక్కల ప్రజల అభిప్రాయాన్ని సేకరిస్తారు. కాని పొద్దస్తమానం ఆ రాళ్ల మధ్యనే మెలిగే కార్మికుని అభిప్రాయం అడిగేవారు అరుదు. నిజానికి జరుగుతున్న హానిని అందరికంటే ముందు చూసేది అతడే.

రాతికి రంధ్రం వేసేటప్పుడు నీరు వాడుతున్నారో లేదో డ్రిల్లింగ్ చేసేవానికి తెలుసు. నీరు లేకుండా తొలిస్తే ధూళి మేఘంలా లేస్తుంది. అందులోని సిలికా రేణువులలో కంటికి కనిపించనంత సూక్ష్మమైనవి ఊపిరితిత్తుల లోతులకు చేరి మచ్చలు కట్టిస్తాయి. అదే సిలికోసిస్. దానిని నివారించవచ్చు గాని, వచ్చిన తరువాత పూర్తిగా నయం చేసే చికిత్స లేదు. ఈ ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

అలాగే పాలిషింగ్ యూనిట్‌లో రాతిపిండి కలిసిన నీరు తొట్టెలలో తేరుకుంటున్నదో, వాగులోకి పోతున్నదో అక్కడ పనిచేసేవారికి తెలుసు. వ్యర్థపు రాళ్లను ఎక్కడ పోస్తున్నదీ టిప్పరు డ్రైవరుకు తెలుసు. ఏ నివేదికకూ తీసిపోని ఈ పరిజ్ఞానం ఏ కాగితం మీదికీ ఎక్కకుండా పోతున్నది.

మరి వారు ఎందుకు చెప్పరు? పని పోతే పొయ్యిలో పిల్లి లేవదు. కాంట్రాక్టరు కింద రోజుకూలికి వచ్చేవాడు ధూళి గురించి నోరెత్తితే, మరునాడు అతని స్థానంలో మరొకడు ఉండవచ్చు. మౌనం అర్ధాంగీకారమన్న నానుడి ఇక్కడ చెల్లదు. ఈ మౌనం అంగీకారం కాదు, ఆకలి. దీనినే ఆసరా చేసుకొని కొందరు, పర్యావరణమంటే కార్మికునికి పట్టదని తేల్చివేస్తారు. మరికొందరు క్వారీలన్నిటినీ మూసివేయడమే పరిష్కారమంటారు. మొదటి మాట అన్యాయం. రెండవది, వేరే ఉపాధి చూపకుండా అన్నప్పుడు, మరొక అన్యాయం. కార్మికునికి కూలీ కావాలి, ఊపిరీ కావాలి. ఈ రెంటిలో ఒకటి కోరుకొమ్మనే హక్కు ఎవరికీ లేదు.

చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. నీటితో తొలిచే పద్ధతిని ఖచ్చితంగా పాటించాలి. పాలిషింగ్ నీటిని తేర్చి తిరిగి వాడుకోవాలి. కాంట్రాక్టు కూలీలతో సహా అందరికీ ఛాతీ పరీక్షలు క్రమం తప్పక జరిపించి, ఫలితాన్ని వారి చేతికే ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యంగా, లోపాన్ని చెప్పినవాని పనికి రక్షణ ఉండాలి. ప్రమాదాన్ని తెలియజేసే హక్కు, ప్రాణాపాయం ఉన్నచోటు నుండి తప్పుకొనే హక్కు, తమ భద్రతా ప్రతినిధులను తామే ఎన్నుకొనే హక్కు గని కార్మికులకు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1995 నాటి ఒడంబడికలోనే పేర్కొంది. కొండను తొలిచే హక్కు లీజు పత్రంతో వస్తుంది. ఆ ధూళిని గురించి మాట్లాడే హక్కు కార్మికునికి ఎవరూ దయతో ఇవ్వవలసినది కాదు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఇంజనీర్లు, అధికారులు, యజమానులు కావచ్చు. ఏదో ఒకనాడు ఒక క్వారీని తనిఖీ చేయవలసి రావచ్చు. అప్పుడు పచ్చగా పెంచిన మొక్కలను, గోడమీది నినాదాలను చూసి తృప్తి పడకండి. కార్మికుల ఫిర్యాదుల పుస్తకం అడిగి తెరవండి. అది ఖాళీగా ఉంటే, లోపాలు లేవని అనుకోకండి. చెప్పడానికి ఎవరు భయపడుతున్నారో కనుక్కోండి.