ఆ ప్లాస్టిక్ కవరులోనే సగం వైద్యం

దేవరకొండలో పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కేవాళ్లలో రోగుల్ని ఇట్టే గుర్తుపట్టొచ్చు: ఒళ్లో ఫిల్ములు, రిపోర్టులు కుక్కిన ప్లాస్టిక్ కవరు ఉంటుంది. నిమ్స్ ఆసుపత్రిలో ఏ యంత్రముంది, గచ్చిబౌలి ఏఐజీ ఆసుపత్రిలో ఏ పరీక్ష చేస్తారు అనే మాటలే అందరివీ. నాకు మాత్రం ఆ కవరే ముఖ్యం. పేగుల్లో వచ్చే క్రోన్స్ జబ్బునే తీసుకోండి. ఎండోస్కోపీలో అది చాలాసార్లు అచ్చం పేగు క్షయలాగే కనిపిస్తుంది. ముక్క తీసి పరీక్షించినా ఒక్కోసారి తేలదు. అప్పుడు ముందు క్షయ మందులిచ్చి చూస్తారు. రెండు మూడు నెలలకీ పుండ్లు మానకపోతే క్రోన్స్ వైపు ఆలోచిస్తారు. క్రోన్స్‌కి వాడే స్టెరాయిడ్లు క్షయ ఉన్నవాళ్లకి ఇస్తే ఆ క్షయ ముదురుతుంది. అందుకే ఇంతకుముందు ఊళ్లో ఏ మాత్రలు, ఎన్నాళ్లు మింగారన్నది పెద్ద డాక్టరుకు ప్రాణాధారమైన సమాచారం. కవరులోని చీటీ మీదేమో మందు పేరు కూడా తెలియని గీతలే, తేదీ ఉండదు! మెదడు కణితి ఆపరేషన్‌లో దారి చూపే న్యావిగేషన్ కూడా ముందే తీసిన స్కాన్ మీదే నడుస్తుంది. ఎంత గొప్ప యంత్రమైనా పాత ఆధారాన్నే అడుగుతుంది. కాబట్టి మన ఊరి డాక్టర్లకు నా విన్నపం: మందు పేరు, మోతాదు, తేదీ విడివిడిగా, చదవగలిగేలా రాయండి. రోగుల ఇంటివాళ్లూ, నయమైందని ఒక్క చీటీ కూడా పారేయకండి.