హంతకుడికి కాపలా కాసిన మౌనం

1953, మాస్కో. రైలు పట్టాల పక్కన ఒక పసివాడి శవం దొరికింది. అది హత్యేనని కన్నవాళ్లు మొత్తుకుంటున్నారు. రైలు గుద్ది పోయాడని వాళ్లను ఒప్పించడానికి వచ్చినవాడు రహస్య పోలీసు అధికారి లియో డెమిడోవ్. పోయింది అతని తోటి అధికారి కొడుకే. అయినా లియో చెప్పేది పైవాళ్లు చెప్పమన్న మాటే: సోవియట్ స్వర్గంలో హత్యలు జరగవు. 2015లో వచ్చిన ‘చైల్డ్ 44’ చూస్తుంటే ఒళ్లు గగుర్పొడిచేది ఇక్కడే.

టామ్ రాబ్ స్మిత్ 2008 నవల దీనికి ఆధారం. డానియల్ ఎస్పినోసా దర్శకుడు, టామ్ హార్డీ లియో. భార్యపై గూఢచారి ముద్ర వేయడానికి ఒప్పుకోనందుకు లియోను వోల్స్క్ అనే మారుమూల ఊరికి తరిమేస్తారు. అక్కడిదాకా కథ బిగువుగా నడిచింది. తర్వాత కొట్లాటలు పెరిగి భయం పలచబడింది.

ఈ కథ వెనుక ఉన్న నిజం ఇంకా దారుణం. రొస్తోవ్ ప్రాంతంలో ఆంద్రేయ్ చికటిలో 1978 నుంచి 1990 దాకా హత్యలు చేశాడు. బడిపంతులుగా పనిచేసినవాడు, కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. మొదటి హత్య నేరం క్రావ్చెంకో అనే మరొకరి మెడకు చుట్టి, 1983లో అతనికి మరణశిక్ష అమలు చేసేశారు. 1984లో చికటిలో పోలీసుల చేతికి చిక్కాడు కూడా. రక్తం గ్రూపు ఆధారాలతో సరిపోలలేదని హత్యల కేసు నుంచి తప్పించారు. బయటికొచ్చి మళ్లీ చంపాడు. రైల్వే స్టేషన్ల దగ్గర, బస్టాపుల దగ్గర పిల్లలను మాటల్లో పెట్టి చెట్లలోకి తీసుకెళ్లేవాడు. జాగ్రత్త అని తల్లిదండ్రులను హెచ్చరించాల్సిన పత్రికలు ఏళ్ల తరబడి మాట్లాడలేదు. 1992లో 52 హత్యలు రుజువయ్యాయి, 1994లో మరణశిక్ష అమలైంది.

ఈ కేసుకు న్యాయం చేసిన సినిమా 1995 నాటి ‘సిటిజన్ ఎక్స్’. క్రిస్ జెరోల్మో దర్శకత్వంలో హెచ్‌బీఓ తీసిన టీవీ చిత్రమది. హంతకుడెవరో ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుంది. ఉత్కంఠంతా సమావేశ గదుల్లోనే. దర్యాప్తు అధికారి విక్టర్ బురకోవ్ మనుషుల్ని, కంప్యూటర్లను అడుగుతాడు, విషయం జనానికి చెప్పనివ్వమంటాడు. వరస హత్యలు పెట్టుబడిదారీ దేశాల జబ్బని పార్టీ పెద్దలు కొట్టిపారేస్తారు. అడిగిన ప్రతిసారీ కాదంటారు, అడవిలో మరో శవం తేలుతుంది. ఆ గదుల్లో ఒదిగి ఒదిగి దారి వెతికే పైఅధికారిగా డొనాల్డ్ సదర్లాండ్ నటన అద్భుతం, ఎమ్మీ ఊరికే రాలేదు. పట్టుబడ్డాక నోరు విప్పని హంతకుడి ముందు మానసిక వైద్యుడు బుఖనోవ్‌స్కీ తన అంచనాను చదివి వినిపించడం, అతను కూలిపోయి ఒప్పుకోవడం నిజంగా జరిగినవే. చికటిలో విడుదలకు పార్టీ సభ్యత్వమే కారణమన్నట్టు చూపడం మాత్రం కథను సులువు చేసుకోవడమే. అసలు కేసులో రక్తం గ్రూపుపై ప్రయోగశాల లెక్కను గుడ్డిగా నమ్మడమూ అంతే ఘోరం.

మాస్కోలో అచ్చయిన తెలుగు బొమ్మల పుస్తకాలను విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో కొనుక్కుని పెరిగిన తరానికి ఈ సినిమాలు మింగుడు పడకపోవచ్చు. ఆ పుస్తకాలపై ప్రేమ నిజమే. ఆ దేశంలోనే ఈ పిల్లల చావులు వార్త కాకపోవడమూ నిజమే.

‘చైల్డ్ 44’ను విడుదలకు ముందే రష్యాలో ఆపేశారు. చరిత్రను వక్రీకరించిందని సాంస్కృతిక శాఖ ఆరోపణ. దశాబ్దాల తర్వాతి హత్యలను స్టాలిన్ కాలానికి లాక్కెళ్లిన మాట వాస్తవమే, దాన్ని ఎత్తిచూపాల్సిందే. ఆ తప్పు పట్టే హక్కు అందరికన్నా ముందు రష్యా ప్రేక్షకులది. హాళ్లలో చూసి తేల్చుకునే అవకాశమే వాళ్లకు ఇవ్వలేదు.